ఎవరి మాట ప్రమాణం? ప్రసూతి మరణాల లెక్కలో అంచనా, కథనం

1990వ సంవత్సరంలో ప్రపంచం మొత్తం మీద గర్భం వల్లనో, కాన్పు వల్లనో ఎంతమంది స్త్రీలు మరణించారు? ఐక్యరాజ్యసమితి సంస్థలు ఈ ప్రశ్నకు పలుమార్లు పలు సమాధానాలు ఇచ్చాయి. 1996లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి వెలువరించిన నివేదిక 5,85,000 అని చెప్పింది. 2007 నాటి నివేదికలో అదే సంవత్సరపు సంఖ్య 5,76,000 అయింది. 2010లో 5,46,000కు, 2014లో 5,23,000కు తగ్గి, 2015లో తిరిగి 5,32,000కు పెరిగింది. మొదటి లెక్కకూ 2014 నాటి లెక్కకూ మధ్య తేడా 62,000 మంది స్త్రీలు. వీరు మరణించి తిరిగి బతికినవారు కారు. వీరిలో ఏ ఒక్కరి మరణాన్నీ ఎవరూ విడిగా చూసి లెక్కించలేదు. గణన పద్ధతి మారినప్పుడు వీరు లెక్కలోకి వచ్చారు, పద్ధతి మళ్ళీ మారినప్పుడు లెక్కలోంచి వెళ్ళిపోయారు.

ఈ మార్పులను పొరపాట్లుగా చూపి గణాంకవేత్తలను తప్పుపట్టడం తేలిక. ప్రతి నివేదికా తన సంఖ్యలను పాత నివేదికల సంఖ్యలతో పోల్చవద్దని హెచ్చరిస్తూనే వచ్చింది కనుక అది న్యాయమూ కాదు. ఇక్కడ పరిశీలించదలచింది వేరు. ఒక మరణం విధాన నిర్ణేతల ముందుకు ఆధారంగా చేరేలోపు ఏయే రూపాలు ధరిస్తుంది? ఆ రూపాలను ఎవరు కూర్చుతారు? ఎంచుకున్న రూపాన్ని బట్టి ఏ కారణం కనిపిస్తుంది, ఏ కారణం మరుగున పడుతుంది? ప్రజారోగ్య శాస్త్రం గురించి తీర్పు చెప్పే అధికారం సాహిత్య విద్యార్థికి లేదు. అయితే ఎవరు, ఎవరికి, ఏ ప్రక్రియలో, ఏమి వదిలి చెబుతున్నారని అడగడం సాహిత్య విమర్శ నిత్యం చేసే పనే. ఆ ప్రశ్నలకు ఈ విషయంలో మానవశాస్త్రజ్ఞులు దారి వేశారు. కాటెరిని స్టొరెంగ్, డొమినిక్ బెహాగ్ సురక్షిత మాతృత్వ ఉద్యమంలో పనిచేసిన నిపుణులతో మాట్లాడి రాసిన వ్యాసాలు, ప్రసూతి వైద్యురాలూ మానవశాస్త్రజ్ఞురాలూ అయిన క్లెయిర్ వెండ్‌లాండ్ మలావీ దేశపు ప్రసూతి మరణాల అంచనాలపై 2016లో ప్రచురించిన అధ్యయనం ఈ పరిశీలనకు నేపథ్యం. వెండ్‌లాండ్ తన పనిని సన్నిహిత పఠనమని పిలవడం గమనార్హం. అది మన రంగం నుంచి వెళ్ళిన మాట.

తెలుగులో ఈ చర్చ చేయడంలో ఒక సౌలభ్యం ఉంది. ఆంగ్లం ఒకే మాటతో సరిపెట్టుకున్నచోట మనకు సాక్ష్యం, ఆధారం, నిదర్శనం, ప్రమాణం అని నాలుగు మాటలున్నాయి. సాక్ష్యం చూసినవారిది. ఆధారం ఒక వాదాన్ని నిలబెట్టేది. నిదర్శనం ఉదాహరణగా చూపేది. ప్రమాణం జ్ఞానం కలిగించే సాధనం. ప్రసూతి మరణాల విధాన సాహిత్యంలో ఈ నాలుగూ ఒకదాని వేషం మరొకటి వేసుకుని తిరుగుతుంటాయి.

శ్రీమతి ఎక్స్ కథ

1985లో అలన్ రోజెన్‌ఫీల్డ్, డెబొరా మెయిన్ లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. మాతాశిశు ఆరోగ్యమనే జంటపదంలో శిశువు మిగిలి తల్లి ఎక్కడికో పోయిందన్నది వారి ఫిర్యాదు. రెండేళ్ళకు, 1987 ఫిబ్రవరిలో, నైరోబీ నగరంలో ప్రపంచ బ్యాంకు, ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి జనాభా నిధి కలిసి సురక్షిత మాతృత్వ సదస్సు జరిపాయి. ఏటా అయిదు లక్షల మంది తల్లులు మరణిస్తున్నారన్న సంఖ్య ఆ సదస్సుకు పల్లవి అయింది. 2000 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలన్నది లక్ష్యం.

ఆ సంఖ్యతో పాటే ఒక కథ కూడా ప్రచారంలోకి వచ్చింది. ఈజిప్టుకు చెందిన ప్రసూతి వైద్యుడు మహమూద్ ఫతల్లా చెప్పిన శ్రీమతి ఎక్స్ కథ అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని చిత్రంగా తీసి శిక్షణ తరగతుల్లో చూపింది. కథ చిన్నది. శ్రీమతి ఎక్స్ కాన్పు సమయంలో ఆసుపత్రిలో మరణిస్తుంది. మాయ గర్భాశయ ముఖద్వారానికి అడ్డుగా ఉండడం వల్ల కలిగిన రక్తస్రావమే కారణమని చికిత్స చేసిన వైద్యుడు ధ్రువపత్రం రాస్తాడు. ప్రసూతి నిపుణుల సంఘం అంతటితో ఆగదు. ఆమెకు ముందే రక్తహీనత లేకుంటే ఆ రక్తస్రావం ప్రాణం తీసేది కాదంటుంది. ఎక్కించింది 500 మిల్లీలీటర్ల రక్తమేననీ, సిజేరియన్ చేసినది ఇంకా శిక్షణలో ఉన్న వైద్యుడనీ గుర్తు చేస్తుంది. ఆసుపత్రి పాలనాధికారి మరో మాట చెబుతాడు. రక్తస్రావం తీవ్రమైన నాలుగు గంటలకు గాని ఆమె ఆసుపత్రికి రాలేదు. అంతకుముందు నెలరోజుల్లో పలుమార్లు రక్తం కనిపించినా వైద్యుల దగ్గరకు వెళ్ళలేదు. చివరికి సమాజశాస్త్రజ్ఞుడు వస్తాడు. ఆమె వయసు 39, అంతకుముందు ఏడు కాన్పులు, బతికి ఉన్న పిల్లలు అయిదుగురు, కుటుంబ నియంత్రణ ఎరుగదు, ఈ గర్భం కోరుకున్నది కాదు, పేదరాలు, నిరక్షరాస్య, పల్లెవాసి.

ఈ కథ నిర్మాణం అపరాధ పరిశోధక కథకు దగ్గరగా ఉంటుంది. శవంతో మొదలై కాలంలో వెనక్కి నడుస్తుంది. ప్రతి సాక్షీ నేరాన్ని తన వాకిలి నుంచి పక్కవాడి వాకిలికి నెడతాడు. వైద్యుడు శరీరాన్ని చూపితే, సంఘం వైద్యుణ్ణి చూపుతుంది. పాలనాధికారి రోగిని చూపుతాడు. సమాజశాస్త్రజ్ఞుడు ఊరిని చూపుతాడు. పరిశోధక కథలో చివరకు ఒక దోషి దొరుకుతాడు. ఇక్కడ అందరి మాటా నిజమే కనుక దోషి దొరకడు. దొరికేది ఒక దారి. ఫతల్లా వాడిన రూపకం కూడా దారే, మృత్యువు వైపు సాగే సుదీర్ఘమైన దారి. ఎక్కడో ఒకచోట దాని నుంచి పక్కకు తప్పుకునే వీలు ఉండాలన్నది ఆయన వాదం. 1994లో సెరీన్ థాడియస్, డెబొరా మెయిన్ ప్రతిపాదించిన మూడు జాప్యాల సిద్ధాంతం ఇదే దారిని మూడు మజిలీలుగా విభజించింది. వైద్యం కావాలని నిర్ణయించుకోవడంలో జాప్యం, ఆసుపత్రి చేరడంలో జాప్యం, చేరాక తగిన చికిత్స అందడంలో జాప్యం. ఒక కథ సిద్ధాంతంగా స్థిరపడడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అరుదు.

అయినా ఈ కథను సంఖ్యకు మానవీయమైన ప్రత్యామ్నాయంగా కొనియాడే ముందు ఒక విషయం గమనించాలి. కథలో మాట్లాడినవారందరూ పదవి ఉన్నవారు. భర్త మాట్లాడడు. తల్లి, అత్త, తోడికోడలు ఎవరూ మాట్లాడరు. నాలుగు గంటలు ఎందుకు ఆలస్యమైందో పాలనాధికారి చెప్పలేడు, చెప్పగలవారిని అడగలేదు. పుట్టిన బిడ్డ సంగతి కథకు అక్కరలేదు. నొప్పి అన్న మాటే లేదు. మన స్త్రీల రామాయణ పాటల్లో కౌసల్య పురిటినొప్పులకు ఎంత చోటు ఉందో వెల్చేరు నారాయణరావు 1991 నాటి వ్యాసంలో చూపారు. కావ్య రామాయణాల్లో రాముడు పుడతాడు, పాటల్లో కౌసల్య కంటుంది. ఆ భేదం ఎరిగిన పాఠకుడికి శ్రీమతి ఎక్స్ కథ ఎవరి వైపు నుంచి చెప్పబడిందో వెంటనే తెలుస్తుంది. ఎక్స్ అన్నది బీజగణితంలో తెలియని రాశికి పెట్టే గుర్తు. అందరు తల్లులూ అందులో ఇమడాలన్న సదుద్దేశంతో పెట్టిన పేరే కావచ్చు గాని, ఆమెను లెక్కలోకి చేర్చడానికి అది అప్పటికే సిద్ధం చేసింది.

వంటిల్లు, కొండ

సంఖ్య ఎలా తయారవుతుంది? జనన మరణాలను పూర్తిగా నమోదు చేసి, కారణాన్ని వైద్యుడు ధ్రువీకరించే దేశాల్లోనైతే లెక్కించవచ్చు. ప్రసూతి మరణాలు ఎక్కువగా ఉన్న దేశాల్లో ఆ నమోదే లేదు. ఎక్కడ చావు ఎక్కువో అక్కడ లెక్క తక్కువ. ఈ చిక్కును దాటడానికి నిపుణులు కనిపెట్టిన మార్గాల్లో నన్ను ఎక్కువగా ఆకర్షించింది 1989లో వెండీ గ్రాహమ్, విలియమ్ బ్రాస్, రాబర్ట్ స్నో ప్రకటించిన తోబుట్టువుల పద్ధతి. గాంబియా పల్లెల్లో దాన్ని మొదట పరీక్షించారు. ఇంటింటికీ వెళ్ళి పెద్దవారిని నాలుగు ప్రశ్నలు అడుగుతారు. మీ తల్లికి పుట్టి, పెళ్ళి వయసుకు వచ్చిన అక్కచెల్లెళ్ళు ఎందరు? వారిలో బతికి ఉన్నవారు ఎందరు? చనిపోయినవారు ఎందరు? వారిలో గర్భంతోనో, కాన్పులోనో, కాన్పయిన ఆరు వారాల లోపో పోయినవారు ఎందరు? చనిపోయిన స్త్రీ తన గురించి తాను చెప్పలేదు కనుక ఆమె అన్నో చెల్లెలో చెప్పాలి. ఇలా వచ్చిన అంచనా సర్వే జరిగిన నాటికి పదీ పన్నెండేళ్ళ వెనకటి కాలానిది. ఇంతకంటే సాక్ష్యానికి దగ్గరగా వచ్చిన లెక్క ఈ రంగంలో లేదు. దాని బలహీనతా అక్కడే ఉంది. గర్భం తొలి నెలల్లో, ఎవరికీ చెప్పని గర్భస్రావంలో పోయిన అక్క సంగతి తమ్ముడికి తెలియదు.

నేరుగా ఏ సమాచారమూ చాలని దేశాలకు గణిత నమూనా వాడతారు. ఐక్యరాజ్యసమితి బృందం 2010 నుంచి వాడిన నమూనాలో మూడు ప్రధాన హేతువులున్నాయి. తలసరి ఆదాయం, సాధారణ సంతానోత్పత్తి రేటు, శిక్షణ పొందిన వైద్య సిబ్బంది సమక్షంలో జరిగిన కాన్పుల శాతం. సమాచారం ఉన్నచోట ఈ మూడింటికీ ప్రసూతి మరణాలకూ ఉన్న సంబంధాన్ని గుర్తించి, సమాచారం లేనిచోట ఆ సంబంధాన్ని బట్టి మరణాలను ఊహిస్తారు.

తర్కసంగ్రహం చదివినవారికి ఇది పరిచితమైన నడక. పొగకూ నిప్పుకూ ఉన్న సాహచర్యాన్ని వంటింట్లో చూస్తాం. ఆ వ్యాప్తి జ్ఞానంతో కొండ మీది పొగను చూసి నిప్పు ఉందంటాం. వంటిల్లు సమాచారం ఉన్నచోటు, కొండ సమాచారం లేని దేశం, మూడు హేతువులు పొగ, ప్రసూతి మరణం నిప్పు. దీన్ని మనం అనుమాన ప్రమాణమంటాం. వాడుక తెలుగులో అనుమానమంటే సందేహం, శాస్త్రంలో నిశ్చయానికి సాధనం. ప్రపంచ అంచనాలలో ఈ రెండర్థాలూ కలిసే ఉన్నాయి. నివేదిక లోపలి పుటల్లో సంఖ్య ఇరువైపులా హద్దులు వేసుకుని సందేహంగానే నిలబడుతుంది. 2015 సంవత్సరానికి చెప్పిన 3,03,000 మరణాలకు దిగువ హద్దు 2,91,000, ఎగువ హద్దు 3,49,000. సభావేదిక మీదికి, పత్రికా శీర్షికలోకి ఎక్కేసరికి హద్దులు రాలిపోయి 3,03,000 అన్న నిశ్చయం మాత్రమే మిగులుతుంది.

అసలు చిక్కు తర్వాతి మెట్టులో ఉంది. శిక్షణ పొందిన సిబ్బంది సమక్షంలో కాన్పు జరిగితే మరణాలు తగ్గుతాయన్నది ఒక సిద్ధాంతం. ఆ సిద్ధాంతమే నమూనాలో హేతువుగా ప్రవేశించింది. అటువంటి కాన్పుల శాతం పెరిగిన దేశంలో, మరణాలను ఎవరూ లెక్కించకపోయినా, నమూనా మరణాలను తగ్గించి చూపుతుంది. ఆ తగ్గుదలను చూపి సిబ్బంది సమక్షంలో కాన్పులు ఫలించాయని ఎవరైనా వాదిస్తే, ఫలితం హేతువునూ హేతువు ఫలితాన్నీ ఆశ్రయించినట్లవుతుంది. మన శాస్త్రకారులు దీనికి అన్యోన్యాశ్రయమని పేరు పెట్టారు. నమూనా కట్టినవారికి ఈ దోషం తెలియదనుకోవడం అమాయకత్వం. అంచనాలను అలా వాడకూడదని వారికి బాగా తెలుసు. కాని ఆ హెచ్చరిక అనుబంధంలో ఉంటుంది, అనుబంధం సభకు వెళ్ళదు.

ఆదాయం సంగతీ చూడాలి. బ్రిటిష్ వైద్య చరిత్రకారుడు ఇర్విన్ లౌడన్ 1992లో ప్రచురించిన గ్రంథంలో ఇంగ్లండు, వేల్స్‌లో 1930ల నడిమి వరకు ప్రసూతి మరణాలు దశాబ్దాల తరబడి చెప్పుకోదగినంతగా తగ్గలేదని చూపాడు. అదే కాలంలో ఆ దేశం సంపన్నమవుతూ వచ్చింది, శిశుమరణాలు తగ్గాయి. సంపన్న కుటుంబాల స్త్రీలు పేదలకంటే క్షేమంగా ఉన్నారని కూడా చెప్పలేని పరిస్థితి. కాన్పు చేసినవారు ఎవరు, ఎంత శుభ్రంగా, ఎంత నేర్పుగా చేశారన్నదే తేడా తెచ్చింది. ఇటు శ్రీలంక సంపన్న దేశం కాకుండానే 1930ల నుంచి ఆరు నుంచి పన్నెండేళ్ళకొకసారి ప్రసూతి మరణాల నిష్పత్తిని సగానికి సగం తగ్గించుకుంటూ వచ్చింది. సంపద ఉన్నా మరణాలు తగ్గని చోటు ఒకటి, సంపద లేకున్నా తగ్గిన చోటు ఒకటి. నిప్పున్నచోటల్లా పొగ ఉంటుందనకూడదు, పచ్చికట్టె ఉంటేనే పొగ అని నైయాయికులు చెప్పింది ఇటువంటి సందర్భాన్ని గురించే. పచ్చికట్టెను వారు ఉపాధి అన్నారు. ఆదాయానికీ మరణానికీ మధ్య మంత్రసాని నేర్పు, రక్తనిధి, రాత్రిపూట తెరిచి ఉండే శస్త్రచికిత్స గది అన్న ఉపాధులున్నాయి. నమూనాలో వాటికి గడి లేదు.

2010లో జరిగిన ఒక వివాదం సంఖ్యకూ సందర్భానికీ ఉన్న బంధాన్ని బయటపెట్టింది. సియాటిల్‌లోని ఆరోగ్య గణాంక సంస్థ పరిశోధకులు ఆ ఏప్రిల్‌లో లాన్సెట్‌లో ప్రచురించిన పత్రం 2008లో మరణాలు 3,42,900 అని చెప్పింది. అప్పటిదాకా అందరి నోట ఉన్నది 2005 సంవత్సరానికి ఐక్యరాజ్యసమితి ఇచ్చిన 5,36,000. మరణాలు ఇంతగా తగ్గాయన్న వార్త సంతోషకరమైనదే. అయినా నిధుల నిర్ణయాలు జరగబోయే అంతర్జాతీయ సమావేశాలు ముగిసేదాకా ప్రచురణ ఆపమని తల్లుల ఆరోగ్యం కోసం పనిచేసే కొందరు తనపై ఒత్తిడి తెచ్చారని సంపాదకుడు రిచర్డ్ హోర్టన్ అప్పట్లో పత్రికలకు చెప్పారు. అయిదు నెలలకు ఐక్యరాజ్యసమితి తన కొత్త అంచనా 3,58,000 అని ప్రకటించింది. ఒత్తిడి తెచ్చినవారిని నిందించే ముందు వారి స్థితి ఊహించాలి. పాతికేళ్ళుగా అయిదు లక్షలన్న సంఖ్య ఒక్కటే వారి చేతిలోని ఆయుధం. ఆ సంఖ్య చిన్నదైతే సమస్య చిన్నదైందని వింటారేమోనని భయం. వారు సంఖ్యను ఆర్తనాదంగా వాడారు, గణాంకవేత్తలు కొలతగా వాడారు. ఒకే వాక్యం రెండు ప్రక్రియలకు చెందినప్పుడు ఇటువంటి రసాభాస తప్పదు.

ప్రయోగం, చరిత్ర, మంత్రసాని

1990ల నుంచి వైద్యంలో ప్రయోగ ప్రమాణానికి అగ్రస్థానం దక్కింది. రోగులను లాటరీ పద్ధతిలో రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గానికి మందు, మరొక వర్గానికి మందులాంటి వట్టి ద్రవం ఇచ్చి ఫలితాలు పోల్చడం దాని మార్గం. అది సాధించినది తక్కువ కాదు. 2002లో వెలువడిన మ్యాగ్‌పై ప్రయోగంలో 33 దేశాలకు చెందిన పదివేల మందికి పైగా స్త్రీలు పాల్గొన్నారు. గర్భిణికి రక్తపోటు పెరిగి మూర్ఛలు వచ్చే ప్రమాదాన్ని మెగ్నీషియం సల్ఫేట్ సగానికి పైగా తగ్గిస్తుందని తేలింది. ఆ మందు చవక, దాని వల్ల తల్లులు బతుకుతున్నారు. దీని మీద ఏ సాహిత్య విమర్శకుడూ చెప్పగలిగేది లేదు, చెప్పకూడదు కూడా.

అయితే ఒక జిల్లాలో ఆసుపత్రి, రక్తనిధి, వాహనం, మంత్రసాని శిక్షణ, రోడ్డు అన్నీ కలిసి పనిచేస్తే ఏమవుతుందో లాటరీ వేసి తేల్చడం దాదాపు అసాధ్యం. శ్రీలంక, మలేసియా అనుభవాన్ని ప్రపంచ బ్యాంకు 2003లో ఒక గ్రంథంగా ప్రచురించింది. అది చరిత్ర. ప్రయోగ ప్రమాణం ముందు చరిత్ర నిదర్శనం స్థాయికి దిగిపోతుంది. స్టొరెంగ్, బెహాగ్ వాదనలో కీలకం ఇదే. నిధులిచ్చేవారు కొలవదగిన ఆధారం అడిగినకొద్దీ, ఉద్యమకారులు కొలవదగిన పనులనే ముందుకు తెచ్చారు. సమగ్రమైన ఆరోగ్య వ్యవస్థ కోసం మొదలైన ఉద్యమం విడివిడి మందులు, విడివిడి చర్యల జాబితాగా కుంచించుకుపోయింది. శ్రీమతి ఎక్స్ నడిచిన దారిలోని మజిలీల్లో మాత్ర ఇవ్వగలిగినవే మిగిలాయి.

వారి వాదాన్ని చాలావరకు అంగీకరిస్తూనే ఒక చోట విభేదిస్తున్నాను. వారి రచనల్లో సంఖ్య రాజకీయాన్ని హరించేదిగా కనిపిస్తుంది. తొలి దశలో సంఖ్యే రాజకీయం. అయిదు లక్షలన్న మాట లేకుంటే నైరోబీ లేదు. ఆడవాళ్ళు కాన్పులో పోవడం విధివిలాసమని ప్రభుత్వాలు తల తిప్పుకున్న కాలంలో, లెక్కించడమే ఒక అభియోగం. కుంచించుకుపోవడానికి సంఖ్యను కాక, ఒకే ప్రమాణాన్ని గద్దె మీద కూర్చోబెట్టి మిగిలినవాటిని గడప బయట నిలబెట్టిన ఏర్పాటును తప్పుపట్టాలి.

ఆ ఏర్పాటులో తొందరగా గడప దాటించబడినది మంత్రసాని. 1970, 80 దశకాల్లో సంప్రదాయ మంత్రసానులకు శిక్షణ ఇవ్వడం అంతర్జాతీయ సంస్థలు బలపరిచిన మార్గం. 1992లో కూడా మూడు సంస్థలు ఉమ్మడి ప్రకటనలో దాన్ని సమర్థించాయి. ఆ శిక్షణ వల్ల మరణాలు తగ్గినట్లు ఆధారం లేదన్న అభిప్రాయం క్రమంగా బలపడి, 1997 కొలంబో సమావేశం నాటికి దృష్టి శిక్షణ పొందిన వైద్య సిబ్బంది వైపు మళ్ళింది. ఆ మళ్ళింపు సరైనదే కావచ్చు. రక్తస్రావాన్ని మంత్రసాని ఆపలేదు. కాని ఆధారం లేదన్న వాక్యానికి రెండర్థాలున్నాయి. పరీక్షించి ఫలితం లేదని తేల్చడం ఒకటి, ఫలితాన్ని తేల్చగల పరీక్షే జరగకపోవడం మరొకటి. ఆ శిక్షణ విషయంలో రెండోది ఎంత, మొదటిది ఎంత అన్నది విడదీయకుండానే నిర్ణయం జరిగింది. మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలని మన సామెత. ఏది వస్తే అది పట్టిన చేతులకు ఏమి తెలుసో ఏ సమావేశమూ ప్రమాణంగా స్వీకరించలేదు.

లెక్కలోకి ఏ మరణం రావాలన్న నిర్వచనం కూడా ఇటువంటి గడపే. గర్భిణిగా ఉండగానో, గర్భం ముగిసిన 42 రోజుల లోపో, గర్భం వల్ల లేదా దాని చికిత్స వల్ల కలిగిన మరణమే ప్రసూతి మరణం. ప్రమాదవశాత్తు, యాదృచ్ఛికంగా కలిగినది కాదు. గర్భిణి ఆత్మహత్యను ప్రత్యక్ష ప్రసూతి మరణంగా లెక్కించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో సూచించింది. అంతకుముందు అది చాలాచోట్ల యాదృచ్ఛికాల్లో కలిసిపోయేది. అదనపు కట్నం కోసం గర్భిణిని చంపితే అది నేటికీ యాదృచ్ఛికమే.

అరపేజీ తెలుగు

ఈ చర్చలో తెలుగుకు నేరుగా సంబంధం ఉన్న ఒక పత్రం ఉంది. భారతదేశంలో ప్రసూతి మరణాల నిష్పత్తిని రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం నమూనా నమోదు పద్ధతి ద్వారా ప్రకటిస్తుంది. 2018-20 కాలానికి లక్ష సజీవ జననాలకు దేశ సగటు 97, తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. మరణాలు అరుదు కనుక మూడేళ్ళవి కలిపి లెక్కిస్తారు. ప్రకటనలో ప్రతి సంఖ్యకూ హద్దులు ఇస్తారు. 43కూ 45కూ మధ్య తేడాను రెండు రాష్ట్రాల పోటీగా చదివేవారు ఆ హద్దులు చూడరు. జననాలతో పోల్చిన నిష్పత్తిని, స్త్రీల జనాభాతో పోల్చే రేటుగా మన పత్రికలు రాయడం మరో సంగతి. ప్రతి కాన్పులో ఉన్న ప్రమాదం ఎంతో మొదటిది చెబుతుంది. ఒక స్త్రీ ఎన్నిసార్లు ఆ ప్రమాదానికి గురవుతుందో కూడా కలుపుకుని చెప్పేది రెండోది. అనువాదంలో ఈ భేదం పోతే సంతానం తగ్గడం వల్ల కలిగిన మేలునూ, వైద్యం మెరుగుపడడం వల్ల కలిగిన మేలునూ విడదీయలేం.

ఆ సంఖ్యల వెనుక మౌఖిక శవపరీక్ష అనే ప్రక్రియ ఉంది. మరణం జరిగిన ఇంటికి గణకుడు వెళ్ళి, దగ్గర ఉండి చూసినవారిని ప్రశ్నలు అడుగుతాడు. పత్రంలో గడులతో పాటు ఖాళీ స్థలం ఉంటుంది. అందులో చెప్పినవారి కథనాన్ని స్థానిక భాషలో అరపేజీ మేర రాయాలి. ఏ లక్షణం ముందు, ఏది తర్వాత, ఎవరి దగ్గరికి తీసుకువెళ్ళారు, ఏమన్నారు అన్న క్రమం తప్పకూడదు. 2001లో మొదలైన పది లక్షల మరణాల అధ్యయనంలో ఆ భాష చదవగల ఇద్దరు వైద్యులు విడివిడిగా దాన్ని చదివి అంతర్జాతీయ వ్యాధి సంకేతాల పట్టిక నుంచి ఒక సంకేతాన్ని కేటాయించేవారు. ఇద్దరూ విభేదిస్తే మరోసారి పరిశీలన. అప్పటికీ కుదరకపోతే మూడో వైద్యుడి తీర్పు.

శ్రీమతి ఎక్స్ కథలో మాట్లాడనివారు ఇక్కడ మాట్లాడతారు. అత్తగారు చెబుతుంది, ఆడపడుచు సవరిస్తుంది, భర్త మధ్యలో లేచి వెళ్ళిపోవచ్చు. గణకుడు విన్నది రాయాలా, అర్థమైనది రాయాలా అన్న తికమక ప్రతి వాక్యంలో ఉంటుంది. గుర్రపువాతం అని చెబితే ఆ మాటే రాయాలా, మూర్ఛ అని మార్చాలా? ఉమ్మనీరు పోయింది, మాయ పడలేదు, చల్లబడిపోయింది అన్న మాటలు వైద్యుడికి లక్షణాలు, చెప్పినవారికి ఆ రాత్రి. ఆసుపత్రిలో పడకలేదని పంపేశారన్న వాక్యానికి సంకేతాల పట్టికలో అంకె లేదు. కనుక వైద్యుడు దాన్ని చదివి పక్కన పెడతాడు. మూడు జాప్యాల్లో మూడోది ఆ వాక్యంలో ఉంది.

ఇంగ్లండులో 1952 నుంచి, కేరళలో 2004 నుంచి జరుగుతున్న గోప్య విచారణలు ఇటువంటి వాక్యాలనే వెతుకుతాయి. ప్రతి మరణాన్నీ పేర్లు తొలగించి, ఎవరినీ శిక్షించబోమన్న హామీతో, నిపుణులు మొదటి నుంచి చివరిదాకా చదువుతారు. సంకేతం కేటాయించడంతో వారి పని ముగియదు. ఎక్కడ తప్పించగలిగేవారమన్నది వారి ప్రశ్న. అయితే అక్కడా ప్రధానంగా చదివేది ఆసుపత్రి కాగితాలనే. ఇంటివారి మాటకు అరపేజీ చోటున్నది మౌఖిక శవపరీక్ష పత్రంలోనే.

మౌఖిక సాహిత్యాన్ని సేకరించినప్పుడు కథకుడి మాటకూ లేఖకుడి మాటకూ మధ్య జరిగే మార్పులను గుర్తించే పద్ధతులు మన శాఖలకు ఉన్నాయి. పాఠాంతరాలను పోల్చడం, మాండలిక పదానికి ప్రాంతాన్ని గుర్తించడం, చెప్పనిదాన్ని చెప్పిన తీరులో చదవడం మనం విద్యార్థులకు మొదటి ఏడాదే నేర్పుతున్నాం. ఆ అరపేజీ గోప్యమైనది, అలా ఉండడమే ధర్మం. పేర్లు తీసేసిన ప్రతులను సైతం ఇంటివారి అనుమతి లేకుండా ఎవరూ తాకకూడదు. కాని పత్రం రూపకల్పన, గణకుల శిక్షణ, పురిటి వ్యాధులకు కోస్తాలో, రాయలసీమలో, తెలంగాణలో, మన్యంలో వాడే పేర్ల పట్టిక రహస్యాలు కావు. గుర్రపువాతాన్ని మూర్ఛగా మార్చేటప్పుడు ఏమి పోతుందో, మాయ పడలేదన్న మాటను ఏ ఊళ్ళో ఏమంటారో తేల్చడం వైద్యుల పని కాదు.